కొత్త నూనె ముందు అత్తకే

"అక్కా, అత్త పోనాది," అన్నాడు తమ్ముడు ఫోన్‌లో. నేను నోరు తెరిచేలోపే ఇంకో మాట కలిపాడు. "నూనె వల్ల కాదులే. గుండె."

మనిషి పోయిందని చెప్పిన వెంటనే, రెండో మాటగా నూనె తప్పేమీ లేదని చెప్పుకునే ఇల్లు మాది. చదివేవాళ్ళకు ఇది వింతగా ఉండొచ్చు. నాకు మాత్రం అది వింతగా కూడా వినిపించలేదు, ఒళ్ళు మండింది అందుకే. రాయగడలో బస్సెక్కి గుడారిలో దిగేదాకా ఆ మంట చల్లారలేదు. దారి పొడుగునా కోతలైపోయిన ఆవచేల గట్ల మీద బలురక్కసి విరగబూసి ఉంది. ముళ్ళ ఆకులు, వాటి మీద తెల్లటి ఈనెలు, పైన నలిపితే చిరిగిపోయేంత పలచటి పసుపు పూలు. కొందరు బ్రహ్మదండి అంటారు దాన్ని, ఒడియావాళ్ళు కంటా కుసుమ అంటారు. మేక ముట్టదు, ఆవు ముట్టదు, దేవుడికీ పెట్టరు. ఆ పువ్వు కనిపిస్తే మా ఇంట్లో ఎవరికైనా ముందు అత్త గుర్తొస్తుంది.

అత్త అంటే మా నాన్నకు అక్క. నాన్న తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి గుడారిలో ధాన్యం, నూనె గింజల వ్యాపారం పెట్టారు. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో గానుగ కొట్టు. ఎద్దు పోయి మోటారు మిషను వచ్చినా ఇప్పటికీ దాన్ని గానుగే అంటాం. గానుగ కొట్టుకూ వంటింటికీ మధ్య సందులో ఉన్న చిన్న గది అత్తది. పెళ్ళయిన ఏడాదికే భర్త పోతే పుట్టింటికి వచ్చి ఆ గదిలో చాప పరుచుకుంది. నేను పుట్టేసరికే ఆ గదికి ఆవిడ వాసన, అంటే ఆవగింజల ఘాటు, పట్టేసి ఉంది.

పోయినవాళ్ళను పొగడాలని ఒక ఆచారం. అత్తను పొగిడితే లేచి వచ్చి తిడుతుందేమోనని నా భయం. ఆవిడ నోరు మంచిది కాదు. సంతకొచ్చిన వాళ్ళు గజ్జి, తామర, పులిపిర్లు పట్టుకుని దుకాణం వెనక్కి వచ్చేవారు, మావుసీ, అంటే ఒడియాలో పిన్నీ, అని పిలుస్తూ. అత్త పెరట్లో ఒక మూల బలురక్కసిని కావాలనే ఉంచింది. కొమ్మ తుంచితే పసుపుపచ్చటి పాలు కారేవి. ఆ పాలు వేలితో అద్దుతూ తిట్టేది.

"దురదేటి? గోక్కుంటే సుఖంగానే ఉంటాది కదా. మరి నా కాడికెందుకొచ్చేవు?"

పంటి నొప్పితో వచ్చిన వాళ్ళకు ఇంకో వైద్యం ఉండేది. నిప్పుల మీద ఆ మొక్క గింజలు నాలుగు చల్లి, పైన చిల్లు కుండ బోర్లించి, బొప్పాయి కాడ ఒక కొస చిల్లులో, ఇంకో కొస పన్ను మీద పెట్టించి పొగ పట్టించేది. పంటిలో పురుగు చస్తుందని నమ్మకం. పురుగు సంగతి నాకు తెలీదు గానీ, నొప్పి తగ్గి వెళ్ళినవాళ్ళను చాలామందిని చూశాను. ఒకసారి సంతలో కోళ్ళమ్మే పెద్దమనిషి దవడ పట్టుకుని వచ్చాడు. "నోరు తెరు. ఇంకా తెరు. బేరమాడినప్పుడు తెరుస్తావు కదా అంత," అంది అత్త. ఆయన నొప్పితోనే నవ్వాడు, కాడ నోట్లోంచి జారిపోయింది. దానికీ తిట్లు తిన్నాడు.

కళ్ళకు మాత్రం వెయ్యనిచ్చేది కాదు. ఆ పాలు కంట్లో వేస్తే పొరలు పోతాయని ఊళ్ళల్లో చాలామంది అనుకునేవారు. ఒకావిడ కూతుర్ని తెచ్చి వెయ్యమని బతిమాలితే అత్త కొమ్మ విసిరికొట్టింది. "ఇది వొంటి మీద మందు, వొంట్లోకెల్తే మిత్తి. పిల్ల కళ్ళు నీకు బరువైతే సెప్పు, నాను పెంచుకుంటాను," అంది. ఆవిడ ఏడుస్తూ పోయింది. ఆ పిల్ల ఇప్పుడు పక్క ఊళ్ళో అంగన్‌వాడీలో పనిచేస్తోంది, కళ్ళద్దాలు కూడా లేవు.

ఆ పాలు అంటీ అంటీ అత్త వేళ్ళ కొసలు ఎప్పుడూ పసుపుగా ఉండేవి. మా నాయనమ్మకు, అంటే అత్తను కన్నతల్లికే, అది గిట్టేది కాదు. "ముండమోపి సేతికి పసుపేటి, కడుక్కో," అనేది నలుగురిలోనూ. అత్త కడుక్కునేది కాదు. ఆ చేత్తోనే నాయనమ్మ కాలి ఆనెలకు కూడా ఆ పాలే అద్దేది. అప్పుడు మాత్రం నాయనమ్మకు ఆ పసుపు కనబడేది కాదు.

ఇక నూనె సంగతి చెప్పాలి. అది చెప్పకుండా మా అత్తను ఎవరికీ తెలియజెప్పలేను.

బలురక్కసి కాయ పండితే ముళ్ళతోనే విచ్చుకుంటుంది. లోపల గింజలు అచ్చం ఆవాల్లా నల్లగా, గుండ్రంగా ఉంటాయి. పట్టుకు చూస్తే కాస్త గరుకు, అంతే తేడా. ఆవచేలో కలుపుగా మొలిచి ఆవతోపాటే పండుతుంది. మా వైపు ఆడవాళ్ళు ఆవమొక్కను చేత్తో పీకుతారు, అందుకని ముళ్ళమొక్క దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే పక్కకు పోతుంది. కానీ కోతల వేళ మబ్బు పట్టి, తొందరపడి కొడవలి పెట్టారంటే రెండూ కలిసి కళ్ళంలోకి వస్తాయి. కలిసి గానుగలోకి పోతాయి. ఆ నూనె తిన్నవాళ్ళకు కాళ్ళు ఎర్రబడి నీరు పడతాయి, కడుపు పాడవుతుంది, ఆయాసం వస్తుంది, గుండె మీదికి వస్తే మనిషి దక్కడు. అందుకే బస్తా దించిన ప్రతి రైతునూ అత్త అడిగే మాట ఒక్కటే. "ఉపాడిల నా కాటిల?" పీకేరా, కోసేరా అని. కోసేం అన్నవాడి బస్తా గుప్పెడు గుప్పెడుగా ఆవిడ పళ్ళెంలోకి వచ్చేది. ఇత్తడి పళ్ళెం వాలుగా పట్టుకుంటే ఆవాలు గబగబా జారేవి, గరుకు గింజలు కాస్త వెనకబడేవి. వాటిని ఏరి పారేసేది. బస్తాలన్నీ అలా ఏరడం మాత్రం మనుషులవల్ల అయ్యే పని కాదు.

అత్త పెళ్ళయిన ఏడాది మా ఇంటినుంచి బంధుగాంలో ఉన్న అత్తవారికి సారె వెళ్ళింది. అరిసెలు, చలిమిడి, చీరలు, వాటితోపాటు మా గొప్ప చాటుకోవడానికి సొంత గానుగ నూనె ఒక డబ్బా. ఆ ఏడు కోతల వేళ మబ్బులు పట్టాయి. మా ఇంట్లో అప్పటికి పాత నూనె ఇంకా ఉంది, కొత్తది ముందు పెళ్ళివారికే అని మర్యాదగా పంపారు. వియ్యాలవారు ఆ నూనెతోనే వండుకున్నారు. శివరాత్రి వచ్చేసరికి అత్త అత్తగారికి కాళ్ళు ఉబ్బాయి, ఆవిడ తేరుకుంది. అత్త భర్తకు కాళ్ళు ఉబ్బాయి, ఆయన తేరుకోలేదు. అత్త అప్పుడు బయట ఉందని, ఆ నాలుగు రోజులూ విడిగా పచ్చడి మెతుకులే పెట్టారని, అందుకే బతికిందని చెప్పేవారు. బండిలో ఆవిణ్ణి మా గుమ్మంలో దింపేసి, "మీ నూనె మీకే," అని ఖాళీ డబ్బా కూడా దింపేసి పోయారు. ఆ డబ్బాలో మా నాయనమ్మ చాలా ఏళ్ళు తవుడు పోసుకుంది. మంచి డబ్బా అట, పారేయడానికి మనసొప్పలేదు.

తర్వాతి ఏడాదినుంచి మా ఇంట్లో ఒక ఆచారం మొదలైంది. మాఘమాసంలో కొత్త గింజ ఆడగానే ఆ నూనె దుకాణంలో పెట్టరు, ఇంట్లో వండరు. ముందు అత్తకు. ఆవిడ కూర ఒక్కటీ వేరే మూకుట్లో, కొత్త నూనెతో. మిగతా అందరికీ పాతది. శివరాత్రి దాకా అత్త కాళ్ళకు ఏమీ కాకపోతే నూనె మంచిదన్నమాట. అప్పుడు పీపా మూత తీస్తారు. "మా ఇంట్లో తిని సూసేకే అమ్ముతాం," అని నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుని గర్వంగా చెప్పేవాడు. అబద్ధం కాదు. ఇంట్లోనే తినేవారు. కొత్త చీర ఆడపడుచుకు పెట్టే ఇళ్ళుంటాయి, మా ఇంట్లో కొత్త నూనె పెట్టేవారు.

కాళ్ళు చూసే పని పిల్లలది. నేను, తమ్ముడు, బాబాయి పిల్లలు, పొద్దున్నే బడికి పోయేముందు అత్త గది ముందు వరసలో నిలబడేవాళ్ళం. అత్త చాప మీద కూర్చుని, చీర కాస్త పైకి లాక్కుని, కాళ్ళు చాపేది. ఒక్కొక్కరం మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి తీసేవాళ్ళం. నీరు లేని కాలైతే వేలు తియ్యగానే చర్మం సర్దుకుంటుంది. నీరు పడితే గుంట అలాగే నిలబడుతుంది. మాకది ఆట. అత్త ఒక్కొక్కరికీ ఒక తిట్టు బాకీ లేకుండా ఇచ్చేది.

"ఇదేటి, యేలా, ఎలకపిల్లా? గట్టిగా నొక్కు. నీ తిండంతా ఎక్కడికెల్తన్నాది?"

"గుంట పడలేదు అత్తా."

"అయితే పోయి మీ నాయినమ్మకి సెప్పు, ఇంకా సావలేదని."

మేం పరుగున వంటింట్లోకి పోయి అచ్చం అలాగే చెప్పేవాళ్ళం. నాయనమ్మ పెనం మీద అట్టు తిరగేస్తూ, "మంచిది," అనేది. దేనికి మంచిదనేదో ఆవిడే చెప్పాలి, ఆవిడా ఇప్పుడు లేదు.

నేను హైస్కూల్లో ఉండగా ఒక ఏడు గుంట పడింది. వేలు నాదే. తీశాక చూస్తే నా బొటనవేలంత పల్లం, లోపల తెల్లగా, చుట్టూ ఎర్రగా. అత్త కూడా వంగి చూసుకుంది. "పీపా మూత తియ్యొద్దని సెప్పు, బేగి," అంది. నేను అరుచుకుంటూ పరిగెత్తాను. ఇల్లంతా గానుగ కొట్టు వైపు పరిగెత్తింది, పీపా వైపు. అత్త దగ్గరికి డాక్టరు వచ్చింది ఆ సాయంత్రానికి. ఉగాది దాకా మంచం మీదే ఉంది, ఆయాసంతో కూర్చునే నిద్రపోయింది. పీపాడు నూనె ఏం చెయ్యాలన్నది ఇంట్లో పెద్ద చర్చ. చివరికి శివాలయంలో దీపాలకు ఇచ్చేశారు. ఆ విధంగా మాకు పుణ్యం కూడా దక్కింది. లేచి తిరగ్గలిగాక అత్తకు ఒక కొత్త తెల్లచీర పెట్టి, "మన ఇంటి పరువు నిలబెట్టేవు," అన్నాడు నాన్న. మరుసటి మాఘంలో మూకుడు మళ్ళీ పొయ్యెక్కింది.

చదువుకుని, రాయగడలో బళ్ళో టీచరునయ్యాక నాకు నోరొచ్చింది. ఒక సెలవుల్లో నాన్నతో పోట్లాడాను. పరీక్ష చేసే మందులున్నాయి, పట్నంలో చేస్తారు, ఇదేం పని అన్నాను.

"ఎవులో ఒకులు ముందు తినాల కదమ్మా," అన్నాడు నాన్న, చాలా మెల్లగా, నాకు లెక్కలు చెప్పినంత ఓపిగ్గా.

"అయితే నువ్వు తిను."

"నాకు పిల్లలున్నారు."

ఆయన చెడ్డవాడు కాదు. అక్కకు జ్వరం వస్తే పథ్యం బియ్యం తనే ఏరి పెట్టిన మనిషి. అయినా ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో ఏ ఇబ్బందీ లేదు. నాకు ఏడుపొచ్చి అత్త గదిలోకి పోయి, ఆవిడ కంచం లాగేసుకున్నాను. అత్త కంచాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"నా కంచంలో సెయ్యెట్టకు. నాలుగక్షరాలొచ్చీసరికి పెద్దమడిసివైపోనావేటి? నా పని నాది."

"నాతో వచ్చెయ్ అత్తా, రాయగడ. నా ఇంట్లో ఉండు."

"మీ ఇంట్లో నాకేటి పని? పేకెట్టు కోసుకుని వండుకుంటారు. అక్కడ నన్ను ఎవులు సూస్తారు?"

మేం చూసుకుంటాం అన్నాను. ఆవిడ అడిగింది అది కాదని నాకు అప్పుడు తెలీదు. తర్వాత కూడా ప్రతి ఏడూ పిలిచాను, ప్రతి ఏడూ తిట్టింది. ఆవిడకు ఆ మూకుడంటే అంత పట్టుదల ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. ప్రాయశ్చిత్తం అనుకున్నాను. పుట్టింటి నూనె మొగుణ్ణి తినేసిందన్న బాధ అనుకున్నాను. పుస్తకాలు చదివినవాళ్ళకు ఇలాంటి పెద్ద పెద్ద కారణాలు తొందరగా దొరుకుతాయి.

మా బళ్ళో జీవశాస్త్రం చెప్పే ఒడియా మేడం ఒకసారి ఈ మొక్క గురించి చెప్పింది. ఇది మన దేశానిది కాదట. సముద్రాల అవతల అమెరికా ఖండంలో, మెక్సికో వైపు దాని పుట్టిల్లు. అక్కడి ఆదివాసులు కూడా ఈ పాలను పులిపిర్లకు, పుండ్లకు రాసేవారట, కాచి నొప్పులకు తాగేవారట. పూర్వం అక్కడివాళ్ళు దీన్ని చచ్చినవాళ్ళు తినే తిండి అనేవారట. ఈ కబురు మోసుకెళ్ళి అత్తకు చెప్పాను, సంబరపడుతుందేమోనని. అత్త పళ్ళెం వంచి గింజలు జారుస్తూనే ఉంది.

"అంత దూరం నించొచ్చిందా? పుట్టింటోలు ఎల్లగొట్టేసుంటారు."

"చచ్చినవాళ్ళ తిండి అంటారట అత్తా."

"మరి నాను తింటన్నానంటే ఏటన్నమాట," అంది, తలెత్తకుండా. ఒక గరుకు గింజ ఏరి, గోటితో చితక్కొట్టి, వాసన చూసి పారేసింది.

నాన్న పోయాక దుకాణం తమ్ముడి చేతికి వచ్చింది. అంతా పేకెట్లే, అయినా సొంత గానుగ నూనె కావాలనేవాళ్ళు ఉన్నారు కాబట్టి మాఘంలో మిషను తిరుగుతూనే ఉంది. మూకుడు ఆగలేదు. ఆగిపోయింది ఒక్క కాళ్ళు నొక్కడమే. మేం పెద్దవాళ్ళమయ్యాం, తమ్ముడి పిల్లలు హాస్టళ్ళకు పోయారు. తమ్ముడు దుకాణానికి పోతూ గుమ్మంలోంచే అడిగేవాడు, "అత్తా, వాపుందేటి?" అని.

ఈ ఏడు శివరాత్రి దాటిన నాలుగు రోజులకు ఆవిడ స్నానానికి లేచి గానుగ కొట్టు దగ్గర పడిపోయింది. లేపబోతే కాళ్ళు బిందెల్లా ఉన్నాయి. తమ్ముడు మొదట ఫోను చేసింది అంబులెన్సుకు కాదు, నూనె తీసుకెళ్ళిన చిల్లర దుకాణాలకు. డబ్బాలన్నీ వెనక్కి తెప్పించాడు. ఆ తర్వాతే అత్తను రాయగడ ఆసుపత్రికి తెచ్చాడు. పెద్ద డాక్టరు చూసి గుండె బలహీనపడిపోయింది, వయసు, ఇది నూనె వాపు కాదు అన్నాడు. వార్డు బయట బెంచీ మీద కూర్చున్న తమ్ముడు ఆ మాట విని కళ్ళు తుడుచుకున్నాడు. వెంటనే ఊరికి ఫోను చేసి డబ్బాలు మళ్ళీ పంపించెయ్యమన్నాడు. అత్తను ఇంటికి తీసుకుపోయారు. ఆ వారంలోనే పోయింది.

నేను గుడారి చేరేసరికి నీళ్ళు పోస్తున్నారు. బంధువుల్లో ఒక పెద్దావిడ అత్త చేతివేళ్ళు పట్టుకుని చింతపండుతో తోముతోంది. వేళ్ళ కొసల పసుపు పోవడం లేదు. "ఈ సేతులతో ఎల్లకూడదు," అంటూ ఇంకా గట్టిగా తోమింది, చర్మం లేచొచ్చేలా. ఉండనివ్వండి అన్నాను. నా మాట ఎవరూ వినలేదు. చితి మీదికి ఆవిడ శుభ్రంగా, తెల్లగా వెళ్ళింది.

పెద్దకర్మ భోజనాలు బాగా జరిగాయి. గుత్తి వంకాయ, ఆవపెట్టిన పనసపొట్టు కూర, అన్నీ కొత్త నూనెతోనే. "నూనె మాత్రం కమ్మగున్నాదిరా," అన్నారు పంక్తిలో ఎవరో. "అత్త సూసిన నూనె," అన్నాడు తమ్ముడు వడ్డిస్తూ, గరిటె ఆపి మోచేత్తో కళ్ళొత్తుకున్నాడు. నిజంగానే ఏడుపొచ్చింది వాడికి, నటన కాదు. నేను ఆ కూర తినలేకపోయాను. మర్నాడు పొద్దున్న నూతి దగ్గర వాడు పంచె పైకి మడిచి, ఎవరూ చూడటం లేదనుకుని, తన కాలు తనే నొక్కుకుంటున్నాడు. నొక్కి, వేలు తీసి, వంగి చూసుకుని, కాళ్ళు కడుక్కుని దుకాణానికి పోయాడు.

అత్తను తలుచుకుంటే నాకు వచ్చేది ఆ కర్మ రోజు కాదు. ఆసుపత్రిలో నేను పక్కన కూర్చున్న మధ్యాహ్నం. డాక్టరు రౌండ్సుకు వచ్చి, దుప్పటి తీసి, ఎముక మీద బొటనవేలితో నొక్కి చూసి వెళ్ళాడు. అత్త ముఖం ఒక్కసారి విప్పారింది.

"డాక్తరు బాబు యేలు సల్లగున్నాది," అంది.

"ఈ వాపు ఎన్నాళ్ళనుంచి అత్తా?"

"పుష్యమాసం నించీ ఉన్నాది."

"కొత్త నూనె ఆడకముందు నుంచా? ఎవరికీ చెప్పలేదేం?"

"సెప్పీదేటి? నూనె వాపు నాకు తెలీదేటి, అది మండుతాది. ఇది వొయిసు వాపు. నూనె మంచిదే, మీ తమ్ముడికి బెంగక్కర్నేదు." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఆడు గుమ్మంలోంచి అడుగుతాడు. లోపలికొచ్చి నొక్కి సూడరా అన్నాను. సర్లే, నేదు కదా అని ఎలిపోతాడు. ఎప్పుడో ఒకప్పుడు నొక్కుతాడని సూసేను."

నాకు కోపం వచ్చింది. ఈ మాట ఎన్నేళ్ళనుంచో అడగాలనుకున్నాను, ఆ మంచం మీదే అడిగేశాను. "ఆ కూడు ఎందుకు తిన్నావు అత్తా? మొదటిసారి ఎవరు పెట్టారు? నువ్వే తింటానన్నావని చెప్పారు నాకు."

"ఎవులూ అడగనేదు, నాను సెప్పనేదు. మాయమ్మ వొంకాయ కూరెట్టింది. వాసన తెలిసిపోనాది. ఆవిడ నా మొకం సూడనేదు. నాను తిన్నాను."

"తర్వాతైనా మానొచ్చు కదా. నేను రమ్మన్నాను కదా."

అత్త నా వైపు తల తిప్పింది. తిడుతుందనుకున్నాను.

"ఆయన పోనాక నన్ను ముట్టుకున్నోలు నేరమ్మి. మాయమ్మ కంచం గడప మీంచి తోసీది. మందుకొచ్చినోలకి నానే సెయ్యేస్తాను, నా మీద ఎవులేస్తారు? మాఘమాసం వస్తే మీ పిల్లలంతా లైనుకట్టి నా కాళ్ళు నొక్కీవోలు. ఎచ్చటి యేళ్ళు, నిద్దరమొకాలు. ఏడాదంతా దానికోసం సూసీదాన్ని. ఇసం తింటేనే గానీ అది దొరకదంటే, తింటాను."

వార్డులో ఎవరిదో ఫోను మోగి ఆగిపోయింది. అత్త కాలితోనే దుప్పటి పక్కకు తోసుకుంది.

"నొక్కు."

నొక్కాను. వేలు ఎంతో లోపలికి పోయింది. తీశాక గుంట అలాగే ఉండిపోయింది.

"పడిందేటి?"

"పడింది అత్తా."

"నిండిందేటి?"

"లేదు."

"మరోపాలి నొక్కమ్మి. ఆ పక్కని."

నొక్కాను. ఆ పక్కన ఇంకోటి, దాని కింద ఇంకోటి. అత్త కళ్ళు మూసుకుంది. ఆవిడ నిద్రపోయిందని తెలిశాక కూడా నొక్కుతూనే ఉన్నాను. మోకాలి నుంచి మడమ దాకా, ఆ కాలి పొడుగునా నా బొటనవేలి గుంటలు వరసగా తెరుచుకుని ఉన్నాయి, ఒక్కటీ నిండలేదు.